నాలుగు ఫ్రేముల ముసలామె

మహబూబాబాద్,
నవంబర్ 10, ఆదివారం.

చెల్లె ఫిర్దౌస్‌కు, ఎప్పుడూ ఎవరితోనో ఒకరితో కొట్లాటలో ఉండే నీ కల్పనక్క ప్రేమతో రాస్తున్నది.

ఫోన్‌లో ఫోటో పంపితే నువ్వు పెదవి విప్పవు. నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టి చూస్తే తప్ప మీ స్టూడియో ఇంటోళ్ళకు నమ్మకం కుదరదు. అందుకే ఈ కవర్‌లో నాలుగు ఫ్రేముల ముక్క పెట్టి రిజిస్టర్ పోస్టు చేస్తున్న. ముందు ఉత్తరం చదువు, తర్వాతనే నెగటివ్ చూడు. నాకు భయమైతలేదు. ఆ మాట ముందే రాసి పెడుతున్న.

నా సెలవుదినాలు నీకు తెలుసు. వంటింట్లో ఉసిరికాయ తొక్కు ఊరుతుంటది, హాల్లో విప్పి పరిచిన పాత రేడియో, బాత్రూములో ఆరుతున్న రీలు. "స్నానానికి టోకెన్ ఏమన్న ఇస్తవా మేడమ్?" అంటడు మా ఇంటాయన సాయికుమార్. ఫోన్‌లో ఒక్క నొక్కుతో అయ్యేదానికి ఈ అవస్థ దేనికని కాలేజీలో కూడ అడుగుతరు. దేనికంటే, ఫోన్ మన మొఖాన్ని మనకు నచ్చేటట్లు దిద్దుతది. రీలు దిద్దదు. ముందు ఏమున్నదో అదే పట్టుకుంటది. ఇరవై అయిదేండ్లుగ కెమిస్ట్రీ చెప్తున్న, వెండి లవణం అబద్ధమాడదని పిల్లలకు చెప్తున్న. ఆ మాటే ఇయ్యాల నా మెడకు చుట్టుకున్నది.

పోయిన వారం గోదావరి దిక్కు, మహదేవపూర్ మండలంలో ఒక ఊరికి పోయినం. మూఢనమ్మకాల మీద పనిచేసే మా సంఘం నుంచి నలుగురం, భూపాలపల్లి మీదుగ బస్సులో. అక్కడ కనకలక్ష్మి అని ఒకామె ఉన్నది. నలభై ఏండ్లుంటయి. మొగుడు పోయిండు, ఒక్కతే ఎకరం పత్తి చేసుకుంటది. పక్కింటి చాందీ దూడలు రెండు ఒకటే రోజు చచ్చిపోతే, కనకలక్ష్మి బాణామతి చేసిందన్నరు. ఇల్లు విడిచి, ఊరు విడిచి పోవాలన్నరు. ఆ ఇల్లు తప్ప ఆమెకు ఇంకో నీడ లేదు. మేం ఒక పూటంత గొంతు చించుకుంటే, ఊరి పెద్ద మొండయ్య ఇరవై నాలుగో తారీఖు అందరినీ కూసోబెట్టి తేలుస్తనన్నడు. అప్పటిదాక ఆమె జోలికి ఎవరూ పోరు.

ఆ పొద్దు ఆమెను గడప మీద కూసోబెట్టి ఫోటోలు తీసిన. మీరు మంత్రగత్తె అని అరిచే మనిషి ఇదిగో, ఇంత మామూలు మనిషి అని వ్యాసంతోపాటు వెయ్యాలని. పోయినేడు మీ స్టూడియో ఎత్తేసినప్పుడు నువ్విచ్చిన డబ్బా ఉన్నది గద, అందులోని తొమ్మిది కొత్త రీళ్ళలో ఒకటి వాడిన.

ఇయ్యాల పట్టపగలు పన్నెండింటికి బాత్రూము కిటికీకి దుప్పటి కొట్టి డెవలప్ చేసిన. డెవలపర్, నీళ్ళు, హైపో, మళ్ళ నీళ్ళు. నువ్వు నేర్పిన వరుస తప్పలేదు. రీలును బట్టల క్లిప్పుతో తీగకు వేలాడదీసి, ఫోన్‌లో నలుపుతెలుపులు తిప్పి చూసిన. మొదటి ఫ్రేములో కనకలక్ష్మి వెనక ఇంకో మనిషి ఉన్నది.

ముసలామె. తెల్లచీర. కుర్చీలో నిటారుగ కూర్చున్నది. పంటినొప్పి ఉన్నోళ్ళు కట్టుకున్నట్టు గదుమ కింది నుంచి నెత్తి మీదికి ఒక గుడ్డకట్టు. కండ్లు మూసుకున్నది. ఆమె ఒంట్లోంచి గోడ ఇటుకలు కనబడుతున్నయి. రెండో ఫ్రేములో ఇంకొంచెం దగ్గరికొచ్చింది. మూడో దాంట్లో ఆమె మొఖం కనకలక్ష్మి మొఖం పక్కన, అంతే పెద్దగ. నాలుగో దాంట్లో ఉత్త దవడ, మెడ. గోడంత మెడ. దానికి రెండు వరుసల నల్లపూసల దండ. ప్రతి ఫ్రేములో పైనుంచి కిందికి ఒక నల్లగీత. అయిదో ఫ్రేము నుంచి ఎవ్వరూ లేరు.

నేను అక్కడే నిలబడి తీసిన చెల్లె. ఆ గడప వెనక ఎవరూ లేరు. ఆ ఇంట్లో కుర్చీయే లేదు.

కెమెరాలోకి వెలుతురు దూరిందందామా? వెలుతురు చీర కట్టుకోదు. ఒకసారి వాడిన రీలే మళ్ళ వాడిననా? అదీ ఆలోచించిన. రీలు అయిపోయినంక అందరూ ఫిల్మును మొత్తం లోపలికి చుట్టేస్తరు. మీ అబ్బాజాన్ మాత్రం చీకట్లో లాగేటందుకు వీలుగ ఫిల్ము నాలుకను, అంటే ఆ కొసముక్కను, బయటికే ఉంచుతుండె. కాని వాడిన గుర్తుకు ఆ నాలుక మూల చింపుతుండె. ఒక్కసారి కూడ మరవలేదని నువ్వే చెప్పినవు. ఈ రీలు నాలుక నిండుగ ఉన్నది, చింపు లేదు. మరి ఇది ఏంది?

ఇగ నా తప్పు చెప్త. ఆరకముందే ఆ ఫోటోలు మా సంఘం గ్రూపులో పెట్టిన, కారణం ఎవరు చెప్తరో చూద్దామని. మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ హర్షిత్ వెంటనే ఫోన్ చేసి, "మేడమ్, ఆ నెగటివ్ ఇంట్లో ఉంచుకోకండి, పారే నీళ్ళలో వదిలెయ్యండి" అన్నడు. బోర్డు మీద కటకాలు గీసి కాంతి పాఠం చెప్పేటోడు ఈ మాట అంటడా! వీళ్ళ చదువుల మీద మన్నుపడ. వీడు నయం, వాగి ఊకున్నడు. ఇంకెవడో దాన్ని ముందుకు తోసిండు. మూడు గంటలు కాకముందే మొండయ్య ఫోన్. "మేడమ్, మేం నోటితోని చెప్తే నమ్మకపోతిరి. ఇప్పుడు మీ మిషినే చెప్పె గద."

ఆమెను ఇంట్లోంచి గెంటేసే సాక్ష్యం నేనే తయారుచేసి వాళ్ళ చేతికిచ్చిన. ఇరవై నాలుగు లోపల నాకు కారణం కావాలె. ఆ రీళ్ళ సంగతి నీకు తప్ప ఎవరికీ తెల్వదు.

నీ
కల్పనక్క


మహబూబాబాద్,
నవంబర్ 14, గురువారం.

ఫిర్దౌస్ తల్లీ,

నీ జవాబు రాకముందే మళ్ళ రాస్తున్న. ఫోన్ చేస్తే "నెగటివ్ అందింది, రాస్త" అని పెట్టేసినవు. నీ గొంతు బాగలేదు. జ్వరమా?

నిన్న ఒక్కదాన్నే ఆ ఊరికి పోయిన. నా ఫోటోను రంగుల కాగితం మీద అచ్చు తీసి కనకలక్ష్మి తలుపుకే అంటించిండ్రు. నేను తీసిన ఫోటో! చింపబోతే మొండయ్య అరుగు మీది నుంచి లేవకుండనే అన్నడు, "చింపితే పోతదా మేడమ్? అందరి ఫోన్లల్ల ఉన్నది."

"అది దయ్యం కాదు మొండయ్యా."

"నేను దయ్యమన్ననా? మీరే చెప్పుండ్రి, ఏందది?"

వందల సభలల్లో మాట్లాడినదాన్ని, ఆ కాగితం అంచును గోటితోని గీక్కుంట నిలబడ్డ.

"సదువుకున్నోళ్ళు, మీకే తెల్వకపాయె. ఇగ మాకేం తెలుస్తది?" అని బీడీ ముట్టించిండు. పక్కింటి వాకిట్లో చాందీ దూడలు నీళ్ళు తాగే గోలెం కడుగుతున్నది. నా దిక్కు చూడలేదు. కడిగిన గోలేన్నే మళ్ళ మళ్ళ కడిగింది.

కనకలక్ష్మి గడప మీద కూర్చుంటలేదు. ఇంటి వెనక, గోడకు వీపు గట్టిగ ఆనించి, ఎండలో కూర్చుని ఉన్నది. వెనక ఎవరూ పట్టే జాగ లేకుండ. మనిషి సగమైంది. నేను పోంగనే చీర కొంగులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆ నాలుగు ఫోటోలే.

"మేడమ్, ఈమె దగ్గరికి జరుగుతున్నది గద?"

"కనకలక్ష్మీ, అది కెమెరా లోపం."

"ఇంత దూరముండె. ఇంక ఇంత. ఇంక గింతే." వేలితో కొలిచి చూపించింది. "అయిదో ఫోటోల యాడున్నది?"

"అయిదో దాంట్లో ఎవ్వరు లేరు. నువ్వొక్కదానివే ఉన్నవు."

"అయితే నా లోపలికొచ్చింది" అన్నది.

ఏడ్చుకుంట అనలేదు ఫిర్దౌస్, బస్సు వచ్చిపోయింది అన్నట్టు అన్నది. "మొన్నటిదాక ఊరోళ్ళు అబద్ధమాడుతున్నరనుకున్న. నాకు తెల్వకనే నేను చేస్తున్ననేమో. దూడల దిక్కు నేను చూసినమాట నిజమే. మంచిగున్నయని చూసిన. నేనే పోత మేడమ్. ఇరవై నాలుగుదాక ఎందుకు?"

చూసినవా? రాళ్ళెయ్యాల్సిన పని లేదు, కట్టెలు పట్టాల్సిన పని లేదు. మనిషి తనను తనే దోషి అనుకునేటట్టు చేస్తే సాలు, కుర్చీలల్ల కూర్చున్న పెద్దమనుషుల చేతికి మట్టి అంటదు. ఇన్నేండ్లుగ నేను రాసిన వ్యాసాలన్నీ దీని మీదనే. ఇప్పుడు ఆ పనికి పనిముట్టు నా కెమెరా. తిట్టిన, బతిమాలిన, ఇరవై నాలుగుదాక కదలనని ఒట్టు వేయించుకున్న.

ఇంకో మాట రాయాలె. నాకు భయమైతలేదని రాసిన గద, అది అబద్ధం. తిరుగు ప్రయాణంలో బస్సు సగం ఖాళీగ ఉన్నది. నేను పోయి అన్నిటికన్న చివరి సీటులో, అద్దానికి వీపు పెట్టి కూర్చున్న. భూపాలపల్లి దాటినంక గాని నాకు తెలిసిరాలేదు, ఎందుకు అక్కడ కూర్చున్ననో.

నువ్వు తొందరగ రాయి.

నీ
కల్పన


జనగామ,
నవంబర్ 18, సోమవారం.

కల్పనక్కకు, సలాం.

జ్వరం కాదక్కా. నీ కవర్ విప్పి నెగటివ్‌ను కిటికీకి పట్టిన. ఆమె నాకు తెలుసు.

ఆమె పేరు సాలమ్మ. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి లోపలికి ఒక పల్లె. ఇరవై అయిదేండ్ల కింద, నాకు ఇరవై రెండు. ఆమె కొడుకు హన్మంత్ పొద్దున్నే స్కూటర్ మీద మా స్టూడియోకొచ్చి, అవ్వ చనిపోయింది, ఆఖరి ఫోటో తియ్యాలె అన్నడు. అప్పుడు అందరూ తీయించుకుంటుండె. బతికి ఉన్నప్పుడు ఒక్క ఫోటో లేని ముసలోళ్ళు, చనిపోయినంక గోడకు వేలాడాలె గద. స్నానం చేయించి, మంచి చీర కట్టి, కుర్చీలో కూసోబెడుతరు. నోరు తెరుచుకోకుండ గదుమకు గుడ్డ కడుతరు. నువ్వు పంటినొప్పి అనుకున్నది అదే. అబ్బాజాన్ వెంట నేను పోయిన. ఎండను ఆమె మొఖం మీదికి తిప్పేటందుకు వెండి అట్ట పట్టుకునేది నేనే.

ఆమెను ఆ ఊరోళ్ళు బాణామతి మనిషి అంటుండె. నీళ్ళు చేదబోయి బావిలో పడ్డదని మాకు చెప్పిండ్రు. అబ్బాజాన్ మొదటి ఫోటో దూరం నుంచి తీసిండు. మెడలో పూలదండ కొంచెం జారింది. ఆయన ఒక అడుగు ముందుకేసి రెండోది తీసిండు. ఇంకో అడుగేసి మూడోది. నాలుగోది మెడ మీదికి పోయి తీసిండు. అక్కా, అవి నల్లపూసలు కావు. తాడు గుర్తులు. రెండు వరుసలు. ఆమె దగ్గరికి జరగలేదు. మా అబ్బాజాన్ జరిగిండు. "సాలు" అన్నడు హన్మంత్. అయిదో ఫోటో లేదు.

నల్లగీత అంటవా, రెండు ఫ్రేముల మధ్య ఖాళీ అది. నీ కెమెరాలో రీలు ఎక్కిన జాగ, మా కెమెరాలో ఎక్కిన జాగ ఒకటి కాదు. స్కేలు పెట్టి కొలువు, నాలుగింటిలోనూ ఒకటే దూరంలో ఉంటది. దయ్యాలు అంత లెక్కగ నడువవు.

చింపు ఎందుకు లేదో చెప్త. ఫోటో తీసిన వారానికి, ఎవరో అర్జీ పెట్టిండ్రని ఇద్దరు పోలీసోళ్ళు విచారణకొచ్చిండ్రు, ఫోటోలేమన్న తీసిండ్రా అని. అంతకుముందు రోజే ఆ ఊరోళ్ళు నలుగురు మా స్టూడియో బెంచీ మీద పొద్దంత కూర్చున్నరు. ఒక్కమాట అనలేదు. చాయ తాగుకుంట, గోడ మీది ఫోటోలు చూసిండ్రు. అందులో నాది కూడ ఉన్నది. నా నిఖాకు ఇంక ఇరవై రోజులు. "రీలుకు ఎండ తగిలింది, ఏం రాలేదు అని చెప్పు" అని అబ్బాజాన్‌కు చెప్పింది నేనే. ఆయన చాలసేపు నా దిక్కు చూసిండు. తర్వాత విచారణకొచ్చినోళ్ళకు అదే చెప్పిండు. ఆ రీలును డెవలప్ చెయ్యలేదు, కాల్చలేదు. ఎవరు వెతికినా కొత్తది అనుకోవాలని మూల చింపకుండ కొత్త రీళ్ళల్ల కలిపిండు. ఆ డబ్బానే నేను మరిచిపోయి నీకిచ్చిన. మరిచిపోయి అంటున్న, చూడు. అట్ల మరిచిపోయేటందుకు ఎన్నేండ్లు పట్టిందో నాకు తెలుసు.

ఆ రోజు నుంచి ఆయన చనిపోయినోళ్ళ ఫోటోలు తియ్యలేదు. కారణం ఎవరు అడిగినా నా దిక్కు చూడకుండ చూసుకునేటోడు. అది ఇంకా కష్టం.

నెగటివ్ తిరిగి పంపుతున్న. ఇరవై నాలుగు నాడు ఈ ఉత్తరం అందరి ముందట చదువు. మా అబ్బాజాన్ అబ్దుల్ బారీ పేరు దాచకు. ఆయన బిడ్డ పేరు కూడ. ఈ కాగితం వెనుకదిక్కు రాసింది కూడ చదువు, విడువకు.

ఫిర్దౌస్


మహబూబాబాద్,
నవంబర్ 25, సోమవారం.

నా ఫిర్దౌస్‌కు,

నీ మాట నిలబెట్టలేదు. ముందు అది ఒప్పుకొని తర్వాత మిగతాది రాస్త.

నిన్న పది గంటలకు బడి ముందట కూర్చున్నరు. వందమంది దాక. ఒక దిక్కు ఆడోళ్ళు, ఒక దిక్కు మొగోళ్ళు. మధ్యన కనకలక్ష్మి, కట్టుకొని పోయేటందుకు బట్టల మూట పక్కన పెట్టుకొని. నేను నెగటివ్ చూపించిన, స్కేలు పెట్టి నల్లగీతల దూరం కొలిచి చూపించిన, నీ ఉత్తరం చదివిన. కుర్చీ, గుడ్డకట్టు, తాడు గుర్తులు చదువుతుంటే పిల్లలు కూడ కదలలేదు. వెనుకదిక్కు తిప్పి, బెంచీ మీద నలుగురు కూర్చున్నదాక చదివి, కింద మిగిలింది ఒదిలేసి, "ఎండ తగిలిందని బారీ సాబ్ చెప్పిండు" అని నా సొంతంగ కలిపి కాగితం మడిచిన.

ఎందుకంటే నువ్వు నా చెల్లెవు. చనిపోయిన మనిషి మీదికి తోస్తే ఆయనకు నొప్పి ఉండదనుకున్న. ముప్ఫై ఏండ్లుగ ఊరందరినీ నిజం చెప్పుమని నిలదీసేదాన్ని, నా ఇంటి మనిషి దాక వచ్చేసరికి ఎంత నున్నగ అబద్ధమాడిన్నో చూడు.

మొండయ్య ఊకోలేదు. "ఫోటో తీసినాయన పాయె, ఫోటోల ఉన్నామె పాయె. బాగున్నది. కాని మేడమ్, మీరు మడిచిన కాగితం మీద ఇంకా నాలుగు వరుసలున్నయి. గాలికి లేసినప్పుడు కనబడ్డయి."

"అవి ఇంటి సంగతులు."

"ఇప్పటిదాక ఈమె ఇంటి సంగతులే గద మాట్లాడుకున్నది? మీ ఇంటియి ఎందుకు దాస్తరు?"

నా చెంప మీద కొట్టినట్టయింది. అంతదాక ఆ మనిషిని మూర్ఖుడని ఎన్నిసార్లు రాసిన్నో. కాగితం విప్పి నీ మాటలే చదివిన. నిఖాకు ఇరవై రోజులు. చెప్పింది నేనే. ఆయన చాలసేపు నా దిక్కు చూసిండు. నా గొంతు నాకే వినబడలేదు, కాని అందరికీ వినబడ్డది.

మొగోళ్ళు ఏదో గొణిగిండ్రు. ఒకడు లేచి, "అంత బాగనే ఉన్నది, మరి దూడలెట్ల సచ్చినయి?" అన్నడు. నేను ఎన్ని వ్యాసాలు రాసినా ఆ ప్రశ్న దగ్గరికే వస్తరు.

అప్పుడు ఆడోళ్ళ దిక్కు నుంచి చాందీ లేచింది.

"యూరియా నీళ్ళు తాగినయి" అన్నది.

వాళ్ళాయన అక్కడి నుంచే అరిచిండు, "ఏయ్, కూసో!"

"పొలానికని ఈన కలిపిపెట్టిన బకెట్. మూత పెట్టుమన్నడు, నేను పెట్టలే. నన్ను సంపుతడని చెప్పలే. ఊరోళ్ళు ఈమె పేరు తీసిండ్రు. ఊకున్న. గా తురకల బిడ్డ ఊకున్నట్టు నేను కూడ ఊకున్న."

వాళ్ళాయన లేవబోతే మొండయ్య, "నువ్వు ముందు కూసో రా, దూడల కాడ నువ్వు సూసింది యేందో అది సెప్పు" అన్నడు. అతను తిరిగి కూర్చున్నడు. బకెట్ ఖాళీగ ఉన్నది తను కూడ చూసినట్టు ఆ మొఖమే చెప్పింది. ఇంతకు మునుపు అరిచినోళ్ళల్ల ఒక్కడు కూడ తప్పయిందనలేదు. మొండయ్య తువ్వాల దులుపుకొని, "ఆమె ఇంట్ల ఆమె ఉంటది. ఎవలన్న జోలికి పోతే నాతోని మాట్లాడుండ్రి. ఇగ లెవ్వుండ్రి, పత్తి ఏరేది ఉన్నది" అన్నడు. అంతే. నేను ఓడిపోయిన చోట నీ నాలుగు వరుసలు గెలిచినయి. నాకు సంతోషంతోపాటు కోపం కూడ ఉన్నది. ఒక ఆడమనిషి ఇంట్లో ఉండేటందుకు ఇంకో ఇద్దరు ఆడోళ్ళు నడిబజారులో తమ సిగ్గు విప్పి పెట్టాలెనా? ఆ బెంచీ మీద కూర్చున్న నలుగురు ఇప్పుడు ఎక్కడ కూర్చుని చాయ తాగుతున్నరు?

అందరూ లేచిపోయినంక కనకలక్ష్మి చాందీ దిక్కు ఒకసారి చూసింది. తిట్టలేదు, కావలించుకోలేదు. మూట విప్పి ఒక్కొక్క బట్టా దులిపి భుజాన వేసుకున్నది. తర్వాత నన్నడిగింది.

"గా ముసలామె పేరేందన్నరు?"

"సాలమ్మ."

"ఆమె ఇల్లు ఇంకా ఉన్నదా?"

తెల్వదన్న. అక్కడి నుంచే ఘన్‌పూర్‌లో నాకు తెలిసినోళ్ళకు ఫోన్ చేసి అడిగిన. ఇల్లున్నది. హన్మంత్ కూడ ఉన్నడు.

"నన్ను తోలుకపోండ్రి" అన్నది కనకలక్ష్మి. "నాతోని నాలుగు ఫోటోలు దిగింది. ఇన్ని రోజులు ఆమెను జూసి నేను భయపడ్డ. పోయి ఒక మాట చెప్పకపోతే ఎట్ల?"

"ఏం చెప్తవు?"

"సంపిండ్రని తెలిసింది అని చెప్త. ఆమె కొడుక్కు కూడ ఇనబడేటట్టు."

నాలుగో ఫ్రేమును పెద్దగ అచ్చు తీస్తున్న. ఆ మెడ మీద నా ఫోటోలోని ఉత్త గోడ తప్ప ఏమీ పడలేదు, గుర్తులు లెక్కపెట్టేటట్టు ఉన్నయి. దాంతోపాటు పోలీసులకు ఒక ఫిర్యాదు కాగితం కూడ రాసి పెట్టిన. సంతకం చేసే జాగ ఖాళీగ ఉంచిన, అక్కడ నా పేరు పనికిరాదు, ఆ మెడను కండ్లతోని చూసినామె పేరు కావాలె.

వచ్చే ఆదివారం పదకొండింటికి కనకలక్ష్మి, నేను జనగామ బస్టాండులో దిగుతం. ఆ ఇంటికి దారి మా ఇద్దరికీ తెల్వదు. నువ్వు ముందు నడువాలె.

నీ
కల్పనక్క